టైలరక్క మేఘం, నీలికుచ్చు గుడ్లు

టైలరక్క పొద్దున్నే లేచి చేసే మొదటి పని, కుట్టుమిషను మీద ప్లాస్టిక్ కవరు సరిగ్గా కప్పి ఉందో లేదో చూసుకోవడం. రెండోది, మంచం పక్కనున్న పొదిగే పెట్టె మూత తీసి గుడ్లను ఒక్కొక్కటిగా పక్కకి దొర్లించడం. ఏది తిప్పిందో ఏది తిప్పలేదో కలగాపులగం కాకుండా, బట్టల మీద గీసుకునే సుద్దతో ప్రతి గుడ్డుకీ ఒకవైపు గీత పెట్టుకుంది. మూడోది, నెత్తి మీద పడ్డ చినుకులు కొంగుతో తుడుచుకోవడం.

ఆ చినుకులు మేఘానివి. మంచం దుప్పటంత ఉంటుంది, బూడిదరంగు. కిందటేడు ఆవిడ అన్న పోయాక, వచ్చిన చుట్టాలంతా ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయిన సాయంత్రం, వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చింది. ఇక పోలేదు. ఆవిడ ఏ గదిలో ఉంటే ఆ గదిలో పైకప్పుకి ఆనుకుని ఉండేది. పెద్ద వానేం కాదు లెండి, మనిషి నిట్టూర్చినట్టు అప్పుడప్పుడూ నాలుగు తుంపర్లు. కొలతలివ్వడానికొచ్చేవాళ్ళు గొడుగు తెచ్చుకునేవాళ్ళు, అంతకంటే ఎవరూ పట్టించుకోలేదు.

"అక్కా, మొన్నటి చొక్కా తడిగా ఇచ్చావేంటి?"

"ఎండల్లో ఒంటికి చల్లగా ఉంటుందని. తొడుక్కుని పో."

ఇలా నవ్విస్తూనే ఉండేది. వాళ్ళు వెళ్ళాక తలుపేసుకుంటే మాత్రం, ఆ ఇంట్లో మాట అనేది పుట్టేది కాదు.

ఇక గుడ్ల సంగతి. అవి నీలికుచ్చు కోడివి. ఒళ్ళంతా కాకి రెక్కలా నల్లటి నీలం, నెత్తిన టోపీ పెట్టినట్టు కుచ్చు. అన్నగారి జీవితమంతా, పెళ్ళీ గిళ్ళీ అనకుండా, ఆ జాతిని నిలబెట్టడానికే సరిపోయింది. ఇంకెక్కడా లేవనేవాడాయన. ఉంటే ఈపాటికి ఎవరో ఒకరు చంకలో పెట్టుకుని వచ్చి చూపించేవాళ్ళే కదా. ఇప్పుడు పెరట్లో మిగిలింది ఒక పుంజు, ఒక ముసలి పెట్ట. ఆ పెట్ట ఈ వేసవి దాటితే ఇంక గుడ్డు పెట్టదు. పైగా ఈ జాతి పెట్టలకి పొదిగే ఓపిక లేదు. గుడ్డు పెట్టేసి, అదెవరిదో తమకేం తెలుసన్నట్టు లేచి వెళ్ళిపోతాయి. అందుకే పెట్టె.

అన్న చేతిలో దాదాపు అన్నీ పిల్లలయ్యేవి. ఈవిడ చేతిలో విడత మీద విడత పోయింది, ఒక్కటీ కళ్ళు తెరవలేదు. కొత్త థర్మామీటరు కొని పాతదాని పక్కన పెట్టింది, రెండూ ఒకటే చెప్పాయి. బల్బు మార్చింది. గుడ్లు తిప్పడం పెంచింది. పుంజు ముసలిదైపోయిందని ఎదురింటావిడ అంది. బల్బు వెలుతురులో పట్టి చూస్తే గుడ్డులో ఎర్రటి నరాలు కనిపిస్తున్నాయి, పిల్ల కదులుతోంది. పాపం పుంజుని అనవసరంగా ఆడిపోసుకున్నారు. అంతా బాగానే పెరిగి, తీరా బయటికి రావలసిన రోజుకి ఆగిపోతున్నాయి.

పశువుల డాక్టరు ఆవిడ దగ్గరే చొక్కాలు కుట్టించుకుంటాడు. కబురు పెడితే వచ్చాడు. పిల్ల కాని గుడ్డొకటి పళ్ళెంలో నెమ్మదిగా పగలగొట్టాడు. లోపల పిల్ల పూర్తిగా తయారై ఉంది, కుచ్చుతో సహా. చుట్టూ నీళ్ళు.

"మునిగిపోయిందక్కా," అన్నాడు. "గుడ్డు మొద్దువైపు చిన్న గాలి గది ఉంటుంది. పిల్ల మొదటి ఊపిరి అక్కడే తీసుకుంటుంది. గుడ్డులో తడి రోజూ కొంచెం కొంచెం బయటికి పోతేనే ఆ గది పెరుగుతుంది. గదిలో ఇంత చెమ్మ ఉంటే ఎలా పోతుంది?" అని పైకి చూశాడు. "ఇది ఎక్కడ పడుకుంటుంది?"

"నా దగ్గరే."

"పెట్టె?"

"అదీ నా దగ్గరే."

"అన్నగారు ఎక్కడ పెట్టేవారు?"

"వెనక గదిలో."

"మరి ఇక్కడికెందుకు తెచ్చారు?"

టైలరక్క పళ్ళెంలో పెంకులు ఒకచోటికి చేర్చింది. "అది చప్పుడు చేస్తుంది కదా," అంది.

డాక్టరు చేతులు కడుక్కుంటూ చెప్పాడు: "పెట్టె మార్చినా లాభం లేదక్కా. గుడ్లు తిప్పడానికి మీరు వెళ్తే మీ వెనకే అదీ వస్తుంది. దాన్నే ఎవరింట్లోనైనా ఉంచండి. చివరి మూడు రోజులు మాత్రం చెమ్మ కావాలి, లేకపోతే లోపలి పొర ఎండి పిల్లకి అతుక్కుపోతుంది. అప్పుడు తెచ్చుకోండి."

పెట్ట పెట్టిన ఆఖరి గుడ్లు బుట్టలో ఉన్నాయి. తర్వాత ఏమీ లేదు. టైలరక్క మేఘాన్ని దుప్పటిలో మూటగట్టి, గోడ అవతలి డ్రైవరు గారి తలుపు తట్టింది. రిటైరైన బస్సు డ్రైవరాయన, ఒంటరి మనిషి. ఒకే గోడకి ఇటూ అటూ ఇన్నేళ్ళున్నా, వాళ్ళ మధ్య మాటంటే నీళ్ళ మోటారు గురించే.

మూట చూసి ఆయన అడిగాడు. "ఏం తింటుందండీ?"

"ఏమీ తినదు. సాయంత్రం పూట కాస్త మాట్లాడితే చాలు."

"నాకు మాటలు రావండీ."

"దానికీ రావు."

ఆయన మూట అందుకున్నాడు. "వానలో బండి నడిపినవాణ్ణే లెండి. వైపరొక్కటే తక్కువ."

ఆఖరి గుడ్లతో పెట్టె వెనక గదికి చేరింది. ఇల్లు ఆరింది. ఎంత ఆరిందంటే, మిషను మీద దారం ఊరికే తెగేది, ఆవిడ మడమలు పగిలాయి. గుడ్లు మాత్రం బాగున్నాయి. బల్బుకి ఎదురుగా పట్టి చూసినప్పుడల్లా గాలి గది కొంచెం పెరిగి కనిపించేది. కానీ పక్కన పెట్టె లేదు, పైన మేఘం లేదు. మంచం మీద ఒక్కతే పడుకుని పొడి పైకప్పు వంక చూసేది. కంటికి కునుకు రాదు.

అప్పుడు వినిపించింది గోడ అవతలినుంచి. ఆయనకి తెలిసిన మాటలు అవొక్కటే అనుకుంటా, మేఘానికి తన బస్సు స్టాపులు చెబుతున్నాడు. "మార్కెట్. తర్వాత గడియారం స్తంభం. అక్కడ ఎప్పుడూ ఒకావిడ పరిగెత్తుకుంటూ వచ్చేది, ఆగేవాణ్ణి. తర్వాత పాత వంతెన..." టైలరక్క మంచాన్ని గోడ పక్కకి జరుపుకుంది. రోజూ పాత వంతెన దాకా వచ్చేసరికి నిద్ర పట్టేసేది.

చివరి మూడు రోజులూ వచ్చాయి. వెళ్ళి మేఘాన్ని అడగాలి. రెండుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. ఆయన మూగతనం పోయి కబుర్లు చెబుతున్నాడు, నవ్వుతున్నాడు కూడా. తన ఇంట్లో ఇన్నాళ్ళూ తోడున్నది ఏమిటో తనకి తెలియదా? ఏ మొహంతో లాక్కొస్తుంది? గిన్నెల్లో నీళ్ళు పెట్టింది. తడి దుప్పట్లు కట్టింది. బయట వడగాలి. కట్టిన దుప్పటి కట్టినట్టే ఆరిపోయేది.

మూడో రోజు మధ్యాహ్నం గుడ్లు చిట్లాయి. ప్రతిదానికీ చిన్న కన్నం, కన్నంలో ముక్కు కొన. కీచుకీచుమని ఒకటే పిలుపు. సాయంత్రానికి పిలుపు సన్నబడింది. కన్నాల దగ్గర పొర కాగితంలా ఎండి ముక్కులకి అతుక్కుంది. మూత తీస్తే ఉన్న కాస్త చెమ్మా పోతుంది. తీయకపోతే చూస్తూ ఉండాలి. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది.

తలుపు తట్టకముందే తెరుచుకుంది. డ్రైవరు గారు గొడుగు కింద నిలబడి ఉన్నాడు. మేఘం నల్లగా, బరువుగా ఆయన భుజం మీదికి వాలి ఉంది.

"మధ్యాహ్నం నుంచీ మీ గోడనే పట్టుకుని ఉందండీ. పిల్లల అరుపు విన్నట్టుంది. నేనే... ఇంకొక్క గంట ఉంచుకుందామని ఆగాను." గుమ్మంలోంచి పక్కకి తప్పుకున్నాడు. "తీసుకెళ్ళండి."

"మీరూ రండి," అంది.

మేఘం వెనక గదిలోకి దూరి, పైకప్పుకి పోకుండా కిందికి దిగి, పెట్టెని కావలించుకున్నట్టు చుట్టూ కమ్ముకుంది. వాన కాదు, మంచు లాంటి సన్నటి తడి. పెట్టె గాజుమూత మసకబారింది. వాళ్ళిద్దరూ నేల మీద కూర్చున్నారు, ఆయన మీద గొడుగు అలాగే ఉంది. గాజు వెనక ఒక పెంకు గిరుక్కున తిరిగి విడిపోయింది. తడిసిన నల్లటి ముద్ద ఒకటి బయటపడి, తల ఎత్తలేక ఎత్తింది. నెత్తిన కుచ్చు. తర్వాత ఇంకొకటి. పెట్టె నిండా అరుపులైపోయేదాకా ఒకదాని వెనక ఒకటి.

మసక విడిపోయేసరికి మేఘం లేదు. ఉన్నదంతా ఇచ్చేసింది. గోడ మీద అరచేయంత చెమ్మ మరక మిగిలింది, వాళ్ళు చూస్తుండగానే అదీ ఆరిపోయింది.

డ్రైవరు గారు ఆ గోడ వంక చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, ఇంటికెళ్ళి ఏం చేయాలో తోచనివాడిలా గుమ్మంలో ఆగాడు. గొడుగు ఇంకా తెరిచే ఉంది.

టైలరక్క పిల్లల మీదనుంచి కళ్ళు తిప్పలేదు.

"ఆ గొడుగు మూసి మూలన పెట్టండి," అంది. "వీటి ఒళ్ళు ఆరేదాకా ఎవరో ఒకరు కూర్చోవాలి... పాత వంతెన తర్వాత స్టాపేమిటండీ? ఎప్పుడూ అక్కడికే నిద్ర పట్టేసేది నాకు."

డ్రైవరు గారు ఆవిడ వంక చూశాడు. గోడ వంక చూశాడు. గొడుగు మూశాడు.

"ఆసుపత్రి," అన్నాడు, కూర్చుంటూ. "ఆ తర్వాత చాలా దూరం ఉందండీ."