దయ్యానికి గొంతిచ్చిన తపేలా

నేను ఒక ఇత్తడి తపేలాను. అజ్జరంలో ఒక కంచరి సుత్తిదెబ్బలతో నాకు రూపమిచ్చాడు. పాతికేళ్లు ఒక ఉపాధ్యాయుని ఇంట పప్పు ఉడికించాను. లోపలి కళాయి అరిగిపోయాక, మళ్లీ పూయించే ఓపిక లేక, ఇంటివారు నన్ను పాతసామాన్లకు వేశారు. చేతులు మారి హైదరాబాదు చేరాను. సినిమాలకు సంగీతం కూర్చే సులోచనగారు నన్ను వేలితో కొట్టి, చెవి ఆనించి విని, కొన్నారు.

ఆమె నాలో పావువంతు నీరు పోసి, అంచున వయొలిన్ కమాను లాగేవారు. నీరు కదిలినకొద్దీ నా స్వరం జారి, మూసిన తలుపు వెనుక ఎవరో మూలుగుతున్నట్టుండేది. ఒక దయ్యం సినిమాలో నేను నాలుగుసార్లు మోగాను. మోగిన ప్రతిసారీ దయ్యం వచ్చింది. పప్పుతో దక్కని కీర్తి మూలుగుతో దక్కింది.

రెండో భాగం మొదలైంది. దర్శకుడు పరాంకుశంగారు భయాన్ని కూడా కొలిచి పోయవచ్చునని నమ్మే మనిషి.

"నాలుగుసార్లకే జనం కుర్చీలు పట్టుకున్నారమ్మా. ఈసారి నలభై కొట్టు!"

"ఆ మూలుగిప్పుడు పిల్లల ఫోన్లలో రింగుటోను సార్."

"చెప్పింది చెయ్యమ్మా."

చేశారు. ఆఫీసువాళ్లకు వేసి చూపితే, మూడో మోతకే నవ్వులు.

"వచ్చిందిరోయ్ తపేలా దయ్యం!"

"మంచినీళ్లివ్వండ్రా, గొంతెండినట్టుంది!"

పరాంకుశంగారి ముఖం మాడిపోయింది. "వారం టైమిస్తున్నా సులోచనా. కుదరకపోతే వేరేవాళ్లకిస్తా, ఏమనుకోకు."

ఈ సినిమా పోతే ఆమె మళ్లీ ఇతరుల పాటలకు వెనుక వరుసలో వయొలిన్ వాయించుకోవలసిందే. రెండు రోజులు ఆమె నన్ను ముట్టుకోలేదు. ఎప్పుడొస్తుందో తెలిసిన దయ్యానికి ఎవరూ భయపడరన్నది మూడోనాటికి ఆమెకు బోధపడింది. నన్ను కథ మొదటినుంచీ, తెరమీద తల్లి బట్టలు ఆరేస్తున్నా, పాపకు అన్నం పెడుతున్నా, వినీ వినబడనంత సన్నగా పరిచారు. దయ్యం మాత్రం రాదు. చెవి నాకు అలవాటుపడిపోతుంది. పాప "అమ్మా, ఇంకో ముద్ద" అన్న క్షణాన సులోచనగారు కమాను ఎత్తేశారు.

గడువునాడు పరాంకుశంగారు చీకటి గదిలో ఒక్కరే కూర్చుని చూశారు. నా స్వరం ఆగింది.

"ఏమ్మా, సౌండు పోయిందా?"

"లేదు సార్."

తెరమీద పాప అన్నం నములుతోంది, అంతే. ఆయన కాళ్లు రెండూ కుర్చీపైకి లాక్కున్నారు.

"ఆపమ్మా. లైటెయ్యి."

"నచ్చలేదా సార్?"

"నచ్చడం తర్వాత. ముందు లైటు!"

వెలుగు వచ్చాక, దయ్యం ఎటునుంచి వచ్చిందని అడిగారు. అసలు రాలేదంటే నమ్మలేదు.

సినిమా సులోచనగారికే మిగిలింది. వెళ్తూ వెళ్తూ ఆయన బల్లమీదున్న నన్ను ఒకసారి చూసి, గోడవారగా జరిగి, తలుపు చేరుకున్నారు.