లేతగుడ్ల చట్రం

"ఒరేయ్, ఆ ఈగలన్నీ ఒక్కసారిగా చచ్చిపోతే నీ గతేమిట్రా?"

మేడమీద తేనెపెట్టె ముందు గొంతుక్కూర్చున్న మావాడు తల తిప్పకుండానే నవ్వాడు. "ఇంకా నయమమ్మా, ఇల్లు కూలిపోతే అనలేదు."

అనలేదు గాని, అనుకున్నాను. నా సంగతి అంతే. పొయ్యిమీద పాలు పెడితే పొంగుతాయని కాదు, ఇల్లంటుకుంటుందని కాపలా కాస్తాను. కానీ ఈ భయం మాత్రం ఉత్తది కాదు. పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక వాడు నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తింటావా అని అడిగితే ఊ లేదు, ఆ లేదు. కుళాయిలు బాగుచేసే వాడి స్నేహితుడు ఒకరోజు తన తేనెటీగల్లో సగం విడదీసి, ఈ పెట్టెలో తెచ్చి మేడమీద పెట్టిపోయాడు. మర్నాటి నుంచి మావాడు నాకంటే ముందే లేవడం మొదలుపెట్టాడు. అవి పోతే వీడు మళ్ళీ మంచానికి అతుక్కుపోతాడని నా గుబులు.

వారం తిరక్కుండానే, వాడు పెట్టె తెరిచి, ఈగలు పట్టు కట్టుకునే చట్రాలన్నీ ఎత్తి చూసి, మూతపెట్టి కిందికి దిగాడు. మొహం వాడిపోయి ఉంది.

"రాణి ఈగ లేదమ్మా. ఒక్క గుడ్డు కూడా లేదు. ఉన్నవి ముసలివై రాలిపోతాయి, కొత్తవి పుట్టవు."

"మరేం చెయ్యాలి?"

"ఇంకో పెట్టెలోంచి లేతగుడ్లున్న చట్రం తెచ్చి మధ్యలో పెడితే, ఈగలే అందులో ఒక పిల్లకి వేరే మేత పెట్టి రాణిగా పెంచుకుంటాయి."

"మీవాణ్ణి అడుగు మరి."

"నిండు పెట్టె ఇచ్చాడు, నిలబెట్టుకోలేకపోయాను. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని అడగను? వదిలెయ్యమ్మా."

మంచమెక్కి గోడవైపు తిరిగాడు.

నేను చెప్పులేసుకుని, సంచీలో తువ్వాలు కుక్కుకుని బయల్దేరాను. రోడ్డు దాటడానికే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకునే దాన్ని, బస్సు మారి మరీ వెళ్ళాను.

కుళాయిల అబ్బాయి నన్ను చూసి పానా కింద పడేశాడు. "ఏంటి పిన్నీ, ఎక్కడ లీకు?"

"లీకు కాదు నాయనా, రాణి పోయింది."

సంగతంతా విని తల కొట్టుకున్నాడు. "చట్రం ఎత్తేటప్పుడు నలిగిపోయుంటుంది. నా చేతిలో ఎన్ని పోయాయో! దీనికి మొహం చాటెయ్యడమేంటి, వెధవ!"

తన పెట్టెలోంచి ఒక చట్రం తీసి, మీదున్న ఈగల్ని మెత్తటి కుంచెతో దులిపాడు. నా తువ్వాలు వేడినీళ్ళలో ముంచి పిండి, దానికి చుట్టబెట్టాడు. "నిలువుగా పట్టుకో. కుదపకు, చల్లారనివ్వకు."

"నావల్ల కాదు నాయనా. బస్సు బోల్తా పడితే?"

"నీకైతేనే ఇస్తాను పిన్నీ. మీవాడు చేతిసంచీలా ఊపుకుంటూ పోతాడు. భయమున్న చేతిలో గుడ్డు పగలదు."

బస్సులో దాన్ని ఒళ్ళో నిలబెట్టుకుని, పైట కప్పి కూర్చున్నాను. బ్రేకు పడ్డప్పుడల్లా "నెమ్మది బాబూ!" అని అరిచాను.

"చంటిపిల్లా అమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఇంకా పుట్టలేదు," అన్నాను. పక్కనున్నావిడ లేచి వేరే సీట్లోకి పోయింది.

ఇంటికొచ్చి గుమ్మంలోంచే కేకేశాను. "లేవరా, చల్లారిపోతోంది!"

వాడు లేచి తువ్వాలు విప్పి చూశాడు. నావైపు చూశాడు. చట్రాన్ని నిలువుగా పట్టుకుని మెట్లెక్కాడు.

కొన్నాళ్ళకి ఆ చట్రం మీద వేరుశెనక్కాయంత మైనపు గది ఒకటి వేలాడింది. రాణిగది అదేనట.

"ఇంక మూత ముట్టుకోకూడదమ్మా. అది పుట్టాలి, బయటికెగిరి మగ ఈగలతో కలిసి, తిరిగి ఇల్లు చేరాలి. అప్పుడే గుడ్లు పెడుతుంది."

"దారి తప్పితే? ఏ పిట్టయినా తినేస్తే?"

"తినెయ్యొచ్చు," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

అంతే, నాకు నిద్ర కరువైంది. ఎండెక్కగానే కర్ర పట్టుకుని మేడమీద పిట్టల్ని తోలడమే పని. వాడు నెత్తి పట్టుకున్నాడు. "నిన్ను చూస్తే రాణి కూడా ఇల్లు మారుతుందమ్మా, కూర్చో!" తిట్టినా ఫరవాలేదు, తిట్టడానికైనా లేచి పైకొస్తున్నాడు కదా అనుకున్నాను.

తెరవాల్సిన రోజు రానే వచ్చింది. వాడు పొగడబ్బా వెలిగించి, ఈగలు రెచ్చిపోకుండా రెండుసార్లు పొగ ఊది మూత తీశాడు. నేను మెట్ల గుమ్మంలో, తలంతా పైట కప్పుకుని నిలబడ్డాను. మొదటి చట్రం ఎత్తి చూసి పక్కన పెట్టాడు. ఆ పక్కది తీశాడు.

"ఉందా?"

మధ్యలో చట్రం ఎత్తి, ఎండ గదుల అడుగుదాకా పడేలా వంచాడు.

"ఉందా లేదా చెప్పరా, నా ప్రాణం పోతోంది."

వాడు చట్రాన్ని ఇంకా దగ్గరికి తెచ్చుకుని చూస్తున్నాడు. పోయిందనుకున్నాను. ఏ పిట్టో తినేసుంటుంది. ఇంకో చట్రం తేవాలి, మళ్ళీ ఆ బస్సులెక్కాలి అనుకుంటూ, నాకు తెలీకుండానే తెరిచిన పెట్టె దాకా నడిచాను. ఈగలు నా చెవి పక్కనే తిరుగుతున్నాయి. కదలకుండా వాడి వెనక నిలబడ్డాను.

"అమ్మా," అన్నాడు తల తిప్పి. "కళ్ళజోడు తెచ్చుకో. గుడ్లు మరీ సన్నగా ఉన్నాయి, నీకు కనబడవు."