ఆరు వేసవుల పని

"అక్కడేం రాయకు. ఖాళీగా వదిలెయ్," అన్నాడు భర్త ఎల్డన్, కాఫీ కప్పు పట్టుకుని వసారాలోంచి లోపలికి వెళ్తూ. "లేనిది ఉన్నట్టు రాయడం కంటే ఖాళీగా ఉంచడమే మర్యాద."

రోవేనా బీన్స్ కాయల పీచు తీస్తోంది. ఒళ్ళో పళ్ళెం, కాళ్ళ దగ్గర బుట్ట, పక్క కుర్చీలో మెడికల్ కాలేజీ దరఖాస్తు తెరిచిపెట్టిన లాప్‌టాప్. ఎదురుగా ఉయ్యాల బల్ల మీద అత్తగారు ఓపల్ కూర్చుని, కోడలు వలిచి పడేసిన పీచు వంక చూస్తోంది.

"రెండో వైపు తీయలేదు చూడు," అంది ఓపల్. "నీ ధ్యాసంతా ఆ పెట్టె మీదే. ముప్ఫై నాలుగేళ్ళొచ్చాక డాక్టరు చదువేంటే పిల్లా? ఇంట్లో నన్ను చూసుకునే నర్సుద్యోగం ఉండనే ఉందిగా."

అది వేళాకోళమో నిజమో పద్నాలుగేళ్ళుగా రోవేనాకి తేలలేదు. నవ్వి ఇంకో కాయ అందుకుంది. వారానికి మూడు రోజులు ఓపల్‌ని డయాలసిస్‌కి తీసుకెళ్ళేది తనే. కొండల మధ్య మెలికలు తిరిగే రోడ్డు మీద నలభై మైళ్ళు పోవాలి, నాలుగు గంటలు అక్కడ కూర్చోవాలి, మళ్ళీ నలభై మైళ్ళు రావాలి. ఆ నాలుగు గంటల్లోనే ఆమె రసాయన శాస్త్రం చదివింది. ప్రవేశ పరీక్షకి తయారైంది. మార్కులు బాగానే వచ్చాయి. దరఖాస్తులో అనుభవాలు రాసుకోవడానికి పదిహేను గళ్ళుంటే, వృద్ధాశ్రమంలో సహాయకురాలిగా తొమ్మిదేళ్ళు అని ఒకదాంట్లో రాసింది. చర్చి తరఫున పళ్ళ డాక్టరు శిబిరం నడిపిన సంగతి ఇంకోదాంట్లో రాసింది. పరిశోధన అన్న చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

కాలేజీలో సలహాలిచ్చే మిసెస్ ప్రాథర్ ఈ సంగతి వసంతంలోనే చెప్పింది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఎంతో జాలిగా చెప్పింది. "మీ మార్కుల గురించి ఎవరూ వేలెత్తి చూపలేరు. కానీ డిగ్రీ చదివిన నాలుగేళ్ళలో ల్యాబులో ఒక్క గంటైనా లేదు. మిగతా పిల్లలు రెండేసి వేసవులు ఎవరో ఒక ప్రొఫెసరు దగ్గర జీతం లేకుండా పనిచేసి వస్తారు. వేసవుల్లో మీరేం చేశారు?"

"పనిలో ఉన్నానండీ. వృద్ధాశ్రమంలో. తర్వాత ఇంట్లో."

"ఇల్లు అందరికీ ఉంటుంది కదమ్మా," అంది మిసెస్ ప్రాథర్.

ఆ మాటలో కోపం తెచ్చుకోవలసినదేమీ లేదు. అందుకే అది లోపల దిగబడిపోయింది. ఇల్లు అందరికీ ఉంటుంది, నిజమే. కొందరికి ఇల్లంటే సాయంత్రం వెళ్ళి కూర్చునే చోటు. రోవేనాకి ఇల్లంటే ఓపల్ మాత్రలు, ఓపల్‌కి ఉప్పు లేకుండా వేరే వంట, ఎల్డన్ చొక్కాలు, ఎల్డన్ విద్యార్థులు భోజనానికి వచ్చిన రోజున పన్నెండు పళ్ళాలు. మూడో ఏడాదిలో జీవశాస్త్రం ప్రొఫెసరు ఆమెని పిలిచి, మధ్యాహ్నాలు తన ల్యాబుకి రమ్మన్నాడు. జీతం ఉండదు, అనుభవం ఉంటుంది అన్నాడు. జీతం లేని పని ఇప్పటికే ఒకటుందని నోటిదాకా వచ్చింది. వీలు కాదండీ అని మాత్రం అని బయటికి వచ్చేసింది. ఆ వేళ ఓపల్‌ని తీసుకెళ్ళవలసిన టైము దాటిపోతోంది మరి.

అయితే ఎల్డన్ అన్నట్టు అది నిజంగా లేనిదేనా? బీన్స్ కాయ తుంచుతూ రోవేనా దాని గురించే ఆలోచించింది. ఇరవయ్యో ఏట, కాలేజీలో ఒక్క సంవత్సరం చదివి, మానేసి పెళ్ళి చేసుకుంది; మళ్ళీ కాలేజీలో చేరింది చాలా ఏళ్ళ తర్వాతే. ఎల్డన్ అప్పుడు డాక్టరేటు చేస్తున్నాడు. బొగ్గు గనుల దిగువన పారే వాగుల్లో ఏయే పురుగులు బతుకుతున్నాయో, ఏవి చచ్చిపోతున్నాయో లెక్క తీసే పని. మొదటి రెండు వేసవులూ ఇద్దరూ కలిసి వెళ్ళేవారు. అతను పైన నిలబడి కాలితో రాళ్ళు కదిలించేవాడు, ఆమె దిగువన వల పట్టుకునేది. మూడో వేసవి నుంచి అతనికి పాఠాలూ రాతపనీ ఎక్కువయ్యాయి. రోవేనా ఒక్కతే రబ్బరు బూట్లు వేసుకుని వెళ్ళేది. వలలో పడ్డదాన్ని తెల్లటి పళ్ళెంలో గుమ్మరించి, పురుగుల్ని పట్టకారుతో ఏరి, స్పిరిట్ సీసాల్లో వేసి, చీటీలు పెన్సిలుతోనే రాసేది, ఎందుకంటే స్పిరిట్‌లో సిరా కరిగిపోతుంది. ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద మైక్రోస్కోపు పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ తోకలు లెక్కబెట్టి, మొప్పలు చూసి, పేరు రాసేది. "ఆ కంపు చేతుల్తో పిండి ముట్టుకోకు," అనేది ఓపల్. అలా ఆరు వేసవులు గడిచాయి. చివరికి అచ్చయిన సిద్ధాంత గ్రంథం మొదటి పేజీలో, నా భార్య రోవేనా చూపిన ఓర్పుకు కృతజ్ఞతలు అని ఒక వాక్యం ఉంది. ఆ రోజు అది చదివి ఆమె గర్వంతో ఏడ్చింది. ఇప్పుడు ఆ ఏడుపు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

రాత్రి భోజనాల దగ్గర అడిగింది.

"ఎల్డన్, వాగుల పని రాస్తాను. ఆరు వేసవులు. నిజమా కాదా అని వాళ్ళు అడగడానికి ఒకరి పేరివ్వాలి. నీ పేరిస్తాను."

ఎల్డన్ చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు. విద్యార్థులకి చెప్పినట్టే నెమ్మదిగా చెప్పాడు. "రోవీ, అది సాయం. మా డిపార్టుమెంటులో అందరి భార్యలూ ఏదో ఒకటి చేశారు. ఒకావిడ టైపు చేసింది, ఒకావిడ పటాలు గీసింది. పరిశోధన అంటే పురుగులు లెక్కబెట్టడం కాదు. ప్రశ్న వెయ్యడం. ప్రశ్న నాది."

"లెక్క నాదేగా."

"అదే నేను చెప్పేది. అప్పుడు నీకు డిగ్రీ కూడా లేదు. ఆ లెక్కలు చేసింది నువ్వని ఇప్పుడు బయటపడితే పత్రికలో అచ్చయిన నా పరిశోధన పేపరుని ఎవడు నమ్ముతాడు?"

రోవేనా గరిటె గిన్నెలో పెట్టేసింది. తన లెక్కలో తప్పుందని అతననలేదు. తప్పు లేదని అతనికి తెలుసు. ఆ పేపరు మీదే అతనికి ఈ ఉద్యోగం వచ్చింది, ఈ ఇల్లొచ్చింది. లెక్క తప్పితే రావలసిన ఇబ్బంది, తన పేరుండడం వల్ల వస్తుందట. ఓపల్ తలొంచుకుని రొట్టె ముక్క పాలల్లో నలుపుతోంది.

ఆ గడి ఖాళీగానే ఉంచి రోవేనా దరఖాస్తు పంపేసింది. తొమ్మిది కాలేజీలకి పంపితే ఏడు అక్కర్లేదన్నాయి, ఒకటి జవాబే ఇవ్వలేదు. మిగిలిన ఒక్కటీ నవంబరులో ఇంటర్వ్యూకి పిలిచింది.

కాలేజీ ఉన్న నగరం మూడు గంటల దూరం. ఆ రోజు డయాలసిస్ రోజు. ఎల్డన్ తన క్లాసు మానుకుని తల్లిని తీసుకెళ్ళాడు. అది గొప్ప ఉపకారమన్నట్టు ముందు రోజంతా నిట్టూర్చాడు కూడా. రోవేనా తన ఒకే ఒక్క నల్ల కోటు వేసుకుని, దారి పొడుగునా జవాబులు వల్లె వేసుకుంటూ వెళ్ళింది. పరిశోధన గురించి అడిగితే, అవకాశం దొరకలేదండీ, నేర్చుకోవాలని ఉంది, అనాలి. అంతకుమించి ఒక్క మాట అనకూడదు. మొగుడి పరువు తీసి సీటు తెచ్చుకుందన్న మాట తనకొద్దు.

ఇంటర్వ్యూ చేసింది డాక్టర్ హాల్‌పర్న్ అనే పెద్దావిడ, కిడ్నీల డాక్టరు. తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. డయాలసిస్ గురించి ఒక పావుగంట మాట్లాడించింది. సూది గుచ్చిన చోట రక్తం ఆగకపోతే ఓపల్ ఏమంటుందో చెబితే గట్టిగా నవ్వింది. తర్వాత కాగితం తిప్పి, కళ్ళెత్తింది.

"మీవారు వాగుల మీద పరిశోధన చేస్తారని దరఖాస్తుతో పంపిన వ్యాసంలో రాశారు. ఇంట్లోనే శాస్త్రవేత్త ఉండగా మీకు ఒక్క రోజైనా పరిశోధన అనుభవం లేకపోవడం ఏమిటండీ? ఆసక్తి కలగలేదా?"

వల్లె వేసుకున్న జవాబు నాలుక మీద సిద్ధంగా ఉంది. ఆసక్తి అన్న మాటే దానికి అడ్డం పడింది. వాగులో చలికి వేళ్ళు కొంకర్లు పోతుంటే వల వదలని మనిషిని ఆసక్తి లేదా అని అడుగుతోంది ఈవిడ. అడగడంలో తప్పు లేదు. కాగితం చెప్పింది అంతే కదా.

"చేశానండీ," అంది రోవేనా. "ఆరేళ్ళు. అది సాయం కిందికి వస్తుందని మావారంటారు. అందుకని రాయలేదు."

డాక్టర్ హాల్‌పర్న్ కలం కింద పెట్టింది. "ఏం చేశారో చెప్పండి."

రోవేనా చెప్పింది. మూడు తోకలుంటే ఒక జాతి, రెండుంటే ఇంకో జాతి. చదును తలలున్నవి గని నీళ్ళని అసలు తట్టుకోలేవు, ముందు చచ్చేవి అవే. చెప్పేకొద్దీ మాటలు వాటంతటవే వచ్చాయి. "నాలుగో వేసవిలో ఒకచోట ఆ చదును తలలవి ఒక్కటీ దొరకలేదు. ఆ చోటు గనికి పైన ఉంది. దిగువన లేకపోతే అర్థముంది, ఎగువన ఎందుకు లేవు? లెక్క తప్పానేమోనని మూడు రోజులు మళ్ళీ మళ్ళీ వల వేశాను. తర్వాత వాగు పట్టుకుని పైకి నడిచాను. అర మైలు పైన పొదల కింద నారింజ రంగు నీళ్ళు ఊరుతున్నాయి. ఎప్పుడో మూసేసిన పాత గని సొరంగం, ఏ పటంలోనూ లేదు. ఆ సంగతి మావారికి చెప్పాను. ఆయన పేపరంతా ఇక దాని మీదే..."

అక్కడ ఆగిపోయింది. పదేళ్ళుగా ఆమె ఆ కథని ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా. ఇప్పుడు పరాయి మనిషి ముందు, తన గొంతులోనే తను వింది. ఎగువన ఎందుకు లేవు? అడిగింది ఎల్డన్ కాదు.

"మంచి ప్రశ్న," అంది డాక్టర్ హాల్‌పర్న్, మెల్లగా.

ఇంటికి వచ్చేసరికి ఎల్డన్ వంటింట్లో సూపు డబ్బా తెరుస్తున్నాడు. "ఏం అడిగారు?"

"పరిశోధన గురించి అడిగారు. చేశానని చెప్పాను."

అతని మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. "ఫోన్ చేసి సరిదిద్దుకో. ఇంటర్వ్యూ కంగారులో ఏదో అన్నానని చెప్పు."

"కంగారేం పడలేదు, ఎల్డన్."

"నా పరువు గురించి ఒక్క నిమిషం ఆలోచించావా?"

"వెళ్ళేటప్పుడు మూడు గంటలూ దాని గురించే ఆలోచించాను," అంది రోవేనా. "వచ్చేటప్పుడు వేరేది ఆలోచించుకున్నాను."

ఆ వేరేది ఒక ఉత్తరం. పేపరు అచ్చువేసిన పత్రిక సంపాదకుడికి. వాగుల్లో పనిచేసింది ఎవరో, పురుగుల్ని గుర్తుపట్టింది ఎవరో, ఆ పాత సొరంగం ఎవరు కనిపెట్టారో, తేదీలతో సహా రాసింది. రచయితల్లో తన పేరు కూడా చేర్చమని అడిగింది. రాసి సొరుగులో పెట్టింది. సీటు రాకముందు పంపితే సీటు కోసమే పంపినట్టుంటుంది. అది తనకి ఇష్టం లేదు. ఎల్డన్ రెండు వారాలు మాట్లాడలేదు. తర్వాత ఏమీ జరగనట్టే చొక్కా బొత్తాం ఊడిందని తెచ్చిచ్చాడు. ఆమె సూదీ దారం అతని చేతికే ఇచ్చింది.

మార్చిలో ఒక మంగళవారం ఫోన్ వచ్చింది. రోవేనా వృద్ధాశ్రమంలో ఒక ముసలాయనకి ఓట్స్ జావ తినిపిస్తోంది. సీటు వచ్చిందన్నారు. సరేనండీ, థాంక్సండీ అని, గిన్నెలో మిగిలిన నాలుగు చెంచాలూ తినిపించి, ఆయన మూతి తుడిచి, బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్ళి తలుపేసుకుని బిగ్గరగా ఏడ్చింది.

"మరి నన్నెవరు తీసుకెళ్తారే?" అంది ఓపల్ ఆ సాయంత్రం. ఈసారి అందులో వేళాకోళం లేదు, భయం ఉంది. రోవేనా ఆమె పక్కన కూర్చుని, ఆస్పత్రి వ్యాను సంగతి, ఎల్డన్ తీసుకెళ్ళవలసిన రోజుల సంగతి చెప్పింది. ఓపల్ అంతా విని, "వాడికి ఆ రోడ్డు మెలికలు రావు. నాకు కడుపులో తిప్పుతుంది," అంది. వద్దని మాత్రం అనలేదు.

ఆదివారం చర్చి అయ్యాక హాల్లో భోజనాలు. సంగతి అప్పటికే అందరికీ తెలిసిపోయింది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి రోవేనాని కౌగిలించుకున్నారు. బీన్స్, మొక్కజొన్న రొట్టెలు పెట్టిన బల్ల దగ్గర పాస్టరుగారు ఎల్డన్ భుజం తట్టి, ఇంత వయసులో ఇంత పోటీలో ఎలా నెగ్గిందయ్యా మీ ఆవిడ, అన్నారు.

ఎల్డన్ ఛాతీ విరుచుకున్నాడు. నలుగురూ వినేటట్టు నవ్వాడు.

"ఊరికే వచ్చిందా పాస్టరుగారూ? ఆరు వేసవులు నాతో పాటు పరిశోధన చేసింది. ఆ పాత గని నీళ్ళ సంగతి విన్నారే, అది కనిపెట్టిందే ఈవిడ. నా దగ్గర నేర్చుకున్న చదువు ఎక్కడికి పోతుంది?"

అందరూ చప్పట్లు కొట్టారు. అతని మొహంలో దొంగతనం లేదు, మొహమాటం లేదు. నిజంగానే గర్వపడుతున్నాడు. రోవేనాని భయపెట్టింది అదే. వేసవిలో అది సాయం. గెలిచాక పరిశోధన. ఈ రెంటికీ మధ్య ఏ గోడా లేకుండా ఈ మనిషి ఇంత హాయిగా అటూ ఇటూ నడవగలడు. తను మాత్రం పద్నాలుగేళ్ళు ఆ గోడని తలతో ఢీకొంది.

చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టి, ఆమె అతని దగ్గరికి నడిచింది. గొంతు పెంచలేదు. పక్కనున్న పాస్టరుగారికి వినపడేంత మాత్రమే.

"నిన్న ఆ పత్రికకి ఉత్తరం పోస్టు చేశాను, ఎల్డన్. పేపరులో నా పేరు చేర్చమని. వాళ్ళు నిన్ను అడుగుతారు. ఇప్పుడు వీళ్ళందరికీ ఏం చెప్పావో, వాళ్ళకీ అదే చెప్పు."