ఎనీఫా కూర్చున్న వైపు

మా చర్చి క్వయర్ వ్యాను వెనక ఎడమ పక్కకి వాలుతోందని ముందుగా ఎవరు గమనించారో నాకు గుర్తు లేదు. అది ఎనీఫా నజోంబె వల్లేనని ముందుగా అన్నది మాత్రం బేస్ గొంతుల మగవాళ్లు.

ఎనీఫా సోంగాని సంతలో ఎండు ఉసిపా చేపలు అమ్ముతుంది. భారీ మనిషి. ఆమె నవ్విందంటే అవతలి వరస అంగళ్లవాళ్లు కూడా తిరిగి చూస్తారు. ఆల్టో పాడే ఆడవాళ్లం అందరం ఆమె గొంతు ఆసరాగానే పాటలోకి దిగేవాళ్లం. వ్యానులో ఆమె చోటు వెనక వరసలో, ఎడమ కిటికీ పక్కన. ఆమెని ఆనుకుని నేను.

"ఎనీఫక్క దిగిందంటే వ్యాను ఊపిరి పీల్చుకుంటుంది చూడండిరా," అనేవాళ్లు మగవాళ్లు.

"పీల్చుకోనీ. నేను దిగిపోతే మీ పాటకి ఊపిరి ఆడదు," అని ఆమె వాళ్లకంటే గట్టిగా నవ్వేది.

వానలు మొదలయ్యాక చప్పుడు కూడా మొదలైంది. గుంట వచ్చినా, స్పీడ్ బ్రేకర్ వచ్చినా మా కాళ్ల కింద ఠంగ్‌మని ఇనుముని ఇనుముతో కొట్టినట్టు మోత. మోగిన ప్రతిసారీ ముందు వరసల్లోని తలలన్నీ వెనక్కి తిరిగేవి. నాకేసి ఎవరూ చూసేవారు కాదు.

ఒక ఆదివారం క్వయర్ మాస్టరు వైసన్ లిక్వేను వ్యాను ఎక్కబోతూ ఆగారు. ఆయన దర్జీ. చీపురుపుల్లలా ఉంటారు. ఎప్పుడూ డ్రైవరు పక్క సీట్లో, పాటల పుస్తకాల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు.

"ఎనీఫమ్మా, ఏమీ అనుకోకు. కొన్నాళ్లు మధ్య వరసలో కూర్చో. వెనక బరువు మోసే కమాను పట్టీ విరిగిందంటే నడిరోడ్డు మీద అందరం కూలబడాలి," అన్నారు.

ఆమె సంచీ తీసుకుని మధ్యకి జరిగింది. ఆ రోజు కూడా వ్యాను దారి పొడుగునా మోగింది. మోగిందన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తర్వాత ములాంజేలో పాటల సభకి వెళ్లినప్పుడు ఎనీఫా మాతో రాలేదు. మేం వెళ్లేసరికి అక్కడి చర్చి గేటు దగ్గర నిలబడి ఉంది, తన దారిన తాను మినీబస్సులో వచ్చి. ఆ పై వారం నుంచి సాధనకి రావడమే మానేసింది.

నేను సంతకి వెళ్లాను.

"గొంతు నొప్పి పిల్లా," అంది, చేపల కుప్ప సర్దుతూ. అంతలోనే రోడ్డుకి అవతల నడిచిపోతున్న ఒకాయన్ని కేకేసి పిలిచింది.

"ఇంత గట్టిగా అరిచావు కదక్కా ఇప్పుడే!"

"అది చేపల గొంతు. పాటల గొంతు వేరే."

ఆమె లేకుండా ఆల్టో పాడుతుంటే మా గొంతులు మాకే వినపడేవి కావు. "మీరు పాడుతున్నారా, చెవులు కొరుక్కుంటున్నారా?" అని లిక్వేను విసుక్కునేవారు. ఎవరి వల్ల అలా అయిందో ఆయనకి తెలుసు. అందుకేనేమో, వ్యానుని బాగు చేయించాలని పట్టుబట్టి, దాన్ని బిలియాటి దగ్గరికి తోలించారు. క్వయర్ పనులు చూసేది నేను కాబట్టి నన్నూ రమ్మన్నారు.

బిలియాటి థోండ్వే రోడ్డులో పిండిమర వెనక ఖాళీ స్థలంలో బళ్లు బాగుచేస్తాడు. పనిమంతుడే, కాకపోతే ఆ మాట ఆయనే ముందు చెబుతాడు. మేం చెప్పింది సగం విని, సైజి అనే మా డ్రైవరుని దిగమని, "బండి నా చేతిలో ఉంటేనే నాతో మాట్లాడుతుంది," అని ఒక్కడే తోలుకుని వెళ్లాడు. స్పీడ్ బ్రేకర్ దాటాడు, గుంటల్లో దించాడు, తిరిగొచ్చాడు. చప్పుడు లేదు.

"షాకబ్సార్బర్లు పోయాయి వెనక. అంతకుమించి ఏమీ లేదు," అన్నాడు.

రెండూ మార్చాడు. మళ్లీ ఒక్కడే తోలి చూసుకున్నాడు. "పట్టు పరుపు మీద పోతున్నట్టుంది. తీసుకెళ్లండి," అని చేతులు తుడుచుకున్నాడు.

ఆదివారం ఎనీఫా తప్ప మేమందరం ఎక్కాం. చర్చి మలుపు తిరగకముందే ఠంగ్.

సోమవారం లిక్వేనుతో పాటు నేనూ మళ్లీ వెళ్లాను. బిలియాటి మొహం మాడ్చుకుని వ్యాను కిందికి దూరాడు. కమాను పట్టీలు ఒక్కొక్కటీ తడిమి చూశాడు. గడ్డపారతో వాటి కొసల్లోని రబ్బరు బుష్‌లన్నీ ఎత్తి కదిపాడు. ఎక్కడా పగులు లేదు, ఏదీ వదులు లేదు. బయటికి వచ్చి, అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"వెనక ఏ రోగమూ లేదు. షాకబ్సార్బర్ల విషయంలో నేను తప్పాను, ఒప్పుకుంటా. పాతవి ఇంకా పనికొస్తాయి. తిరిగి బిగించేస్తాను."

లిక్వేను గొంతు తగ్గించారు. "మా క్వయర్‌లో ఒకావిడ ఉంది. కొంచెం... బొద్దుగా ఉంటుంది. ఎప్పుడూ ఆ మూలే కూర్చునేది. రోజూ అక్కడే కూర్చుని కూర్చుని..."

"ఇలాంటి వ్యాన్లలో మొక్కజొన్న బస్తాలు ఎలా కుక్కుతారో చూశారా మీరు? మనిషి కూర్చుంటే కమాను కుంగుతుందా?" అన్నాడు బిలియాటి. తల గోక్కున్నాడు. "అయినా చూడకుండా ఏదీ చెప్పను, ఒకసారి చెప్పి పరువు పోగొట్టుకున్నా. ఆవిణ్ణి తీసుకురండి."

ఆమెని అడగడానికి లిక్వేనుకి మొహం చెల్లలేదు. బిలియాటీ నేనూ వెళ్లాం. దారిలో ఆయనకి మాటలన్నీ నేర్పాను, ఎలా మొదలుపెట్టాలో, ఏం అనకూడదో. అంగడి ముందు నిలబడగానే అన్నీ మరిచిపోయాడు.

"అక్కా, నీ బరువుతో పనిబడింది నాకు."

పక్క అంగడి ఆవిడ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఎనీఫా ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"కిలో లెక్కన కావాలా, బస్తా లెక్కనా?"

"తప్పుగా అన్నాను. నువ్వు కూర్చుని కూర్చునే వ్యాను కుంగి మోగుతోందంటున్నారు. నాకు నమ్మకం లేదు. నమ్మకం లేదని చెప్పడానికి చేతిలో ఏమీ లేదు. నిద్ర పట్టడం లేదక్కా."

ఎనీఫా చేపల మీద ఈగలు తోలుతూ కూర్చుంది. నేను క్షమాపణ చెప్పి వెళ్లిపోదామనుకుంటుండగా గోనెపట్టా తీసి చేపల మీద కప్పింది.

"ఇంతమంది అంటున్నారు. నిజమో కాదో నేనూ వినొద్దా? పదండి."

ఆ రోజు శనివారం, సాధన రోజు. క్వయర్ అంతా పిండిమర దగ్గరే దిగింది. సంగతి విని సంతలోవాళ్లూ కొందరు వచ్చి నిలబడ్డారు. ఎనీఫా ఎవరినీ పలకరించకుండా వెళ్లి వెనక ఎడమ కిటికీ పక్కన కూర్చుంది. నేనూ ఎక్కాను. బిలియాటి బండి కదిలించాడు.

స్పీడ్ బ్రేకర్ వచ్చింది. ఎనీఫా ముందు సీటుని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకుంది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కి దిగాయి. ఏమీ లేదు.

"ఇంకోసారి. కొంచెం జోరుగా పోనీ," అంది.

ఇంకోసారీ ఏమీ లేదు. కుడి పక్కకి మారింది, మధ్యలోకి మారింది. ఎక్కడ కూర్చున్నా వ్యాను నోరు మెదపలేదు. మేం తిరిగొచ్చేసరికి రోడ్డు పక్కన కొందరు చెప్పుల కేసి చూసుకుంటున్నారు.

"నేనెక్కితే మోగలేదు. ఇక మీరెక్కండి," అని దిగి నిలబడింది ఎనీఫా.

ఆమె తప్ప అందరం ఎక్కాం. లిక్వేను తన ముందు సీట్లో, పెట్టెతో సహా కూర్చున్నారు. ఠంగ్! బిలియాటి కళ్లు మెరిశాయి. వెనక వరసని దింపాడు. ఠంగ్. మధ్య వరసల్ని దింపాడు. ఠంగ్. చివరికి ఆయనా లిక్వేనూ ఇద్దరే మిగిలారు. రోడ్డు పక్కన నిలబడిన మా అందరికీ వినబడేలా మళ్లీ మోగింది.

ముందు ఎవరూ నవ్వలేదు. తర్వాత బేస్ వాళ్లలో ఒకడు ఆపుకోలేకపోయాడు, ఇక అందరం.

"నేనా?" అన్నారు లిక్వేను కిందికి దిగుతూ. "నా నడుం కొలత ఎంతో తెలుసా మీకు? నా బట్టకి గజం గుడ్డ మిగులుతుంది!"

ఎనీఫా నవ్వలేదు. ఆమె దృష్టంతా వ్యాను మీదే ఉంది.

"ఆయన కూర్చునేది ముందు. మరి మాకు చప్పుడు వెనకెందుకు వినిపించింది?"

"అద్గదీ!" అన్నాడు బిలియాటి, ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు. "ఆ ఒక్కటీ తెలిస్తే అంతా తెలుస్తుంది. రా అక్కా."

చదునైన చోట వ్యాను నిలిపి, ముందు భాగానికి సరిగ్గా నడిమధ్యన జాకీ పెట్టి ముందు చక్రాలు రెండూ నేల వదిలేదాకా ఎత్తాడు. మమ్మల్ని వెనక్కి వెళ్లి చూడమన్నాడు. ఇన్నాళ్లూ ఎడమకి ఒరిగిన వెనక భాగం గీత గీసినట్టు సమంగా నిలబడి ఉంది.

"ముందరి భారం చక్రాల మీద లేకుండా చేశాను. వెనక కమాన్లే కుంగి ఉంటే ఇప్పుడు కూడా ఒరిగే ఉండాలి. ఒరగలేదు కదా. బల్లకి ముందు కాలు ఒకటి పొట్టిదైతే బల్లంతా ఒరుగుతుంది. వెనక కూర్చున్నవాడు తన వైపు కాలే పొట్టిదనుకుంటాడు."

"పొట్టి కాలు ఏది?"

"ముందు ఎడమది. మాస్టరు గారి సీటు కింద."

చట్రం కింద చెక్క మొద్దులు ఆనించి, చాప పరిచి కింద పడుకుని టార్చి వేశాడు. ఎనీఫా మోకాళ్ల మీద వంగి తల దూర్చింది. పక్కనుంచి నేనూ వంగాను. ముందు చక్రం దగ్గర మొదలై, బండి కడుపు కింద నుంచి వెనక్కి పోతోంది చేతికర్రంత లావు ఇనుప కడ్డీ. ఈ వ్యానుకి ముందు కమాన్లు ఉండవని, ఈ కడ్డీ మెలిపడి, మెలి విప్పుకుంటూ బండిని మోస్తుందని చెప్పాడు. దాని వెనక కొసని బిగించి ఉంచే బోల్టు మరల్ని తుప్పు తినేయడంతో అది కొద్దికొద్దిగా జారిపోయింది. కడ్డీ బిగువు తగ్గింది, ఆ మూల దిగిపోయింది. చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప చెయ్యి పైకి లేచినప్పుడు మెత్తగా ఆపాల్సిన రబ్బరు దిమ్మ చిరిగి ఊడిపోయింది. ఒక్కడే తోలితే దెబ్బ తగలడానికి కాస్త ఎడం ఉంటోంది. ఆ సీట్లో మనిషి కూర్చుంటే ఆ ఎడం కూడా పోయి ఇనుము ఇనుముని కొడుతోంది.

"దెబ్బ తగిలేది ముందే, మోత ఈ కడ్డీ వెంట వెనక్కి పాకుతోంది. నువ్వు వ్యాను ఎక్కి మధ్యలో నేలకి చెయ్యి ఆనించు అక్కా," అన్నాడు.

ఎక్కి, చెయ్యి కాదు, చెవే ఆనించింది. ఆయన కింద, ముందు చక్రం దగ్గర కడ్డీ మొదట్లో పానాతో కొట్టాడు.

"ఇదే!" అని లోపలి నుంచి అరిచింది. "ఇదే స్వరం! ఇంకోసారి కొట్టు!"

ఆయన కొట్టాడు. ఆమె అదే శ్రుతి నోటితో అందుకుని, అలాగే సాగదీసింది. ఎన్ని వారాల తర్వాతో ఆ గొంతు మాకు మళ్లీ వినిపించింది. ఆల్టో వాళ్లం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

కొత్త బోల్టు, రబ్బరు దిమ్మలు లింబేలో దొరికాయి. బిలియాటి రెండు పక్కలా కడ్డీలు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాడు. బిగించినప్పుడల్లా వ్యానుని ముందుకీ వెనక్కీ దొర్లించేవాడు. అలా సర్దుకోకముందే కొలిస్తే బండి అబద్ధం చెబుతుందట. చక్రం నడిమి నుంచి మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచే పని లిక్వేను తీసుకున్నారు. దర్జీ కదా, ఒక నూలు తేడా కూడా ఒప్పుకోలేదు. చివరికి చక్రాల వాలు కూడా సరిచేయించి తెచ్చారు.

ఆయన ఎనీఫా దగ్గరికి వెళ్లిన రోజు నేను అక్కడే ఉన్నాను. టేపు ఇంకా మెళ్లోనే ఉంది.

"నా తప్పమ్మా. విచారించకుండా అనేశాను."

"అవును, అనేశారు," అంది ఆమె. అంతకుమించి సాయపడలేదు. ఆయన నిలబడే ఉన్నారు. ఆమె ఒకరికి చేపలు అమ్మింది, ఇంకొకరికి అమ్మింది. "సాధన ఎప్పుడు, శనివారమేనా?" అని అడిగింది తర్వాత.

శనివారం ఎనీఫా సాధనకి వచ్చింది. బేస్ వాళ్లతో మాత్రం వానలు వెళ్లేదాకా మాట్లాడలేదు. వాళ్లు జోకులు వేస్తే వేరే ఎవరో వేసినట్టు అటు తిరిగి పాడుకునేది.

ఈ మధ్య సంత ముగిశాక ఆమె ఇంటికి తిన్నగా పోవడం లేదని విని, ఒకసారి పిండిమర వైపు వెళ్లి చూశాను. బిలియాటి ఒక పాత టాక్సీని దారి మీద మెల్లగా నడిపిస్తున్నాడు. ఎనీఫా పక్కనే నడుస్తూ, తల వంచి వింటోంది. బండి ఆగగానే వెనక మడ్‌గార్డు మీద రెండు చేతులూ పెట్టి బలంగా నొక్కి వదిలింది. టాక్సీ లేచింది, దిగింది, మళ్లీ లేచింది, ఇంకా ఊగుతూనే ఉంది.

"ఎన్నిసార్లు ఊగాలి ఇది?" అని అడిగింది.

"ఒక్కసారి లేచి ఆగిపోవాలి."

"ఆగడం లేదే."

"ఆగదు. ఈసారి నిజంగానే షాకబ్సార్బరు," అన్నాడు బిలియాటి. ఆమె నమ్మకుండా అవతలి పక్కకి వెళ్లి, అక్కడా నొక్కి చూసింది.