వాకిలి మీది కన్నం

ఆ కోట కట్టించిన దొరకు పొరుగు రాజుల కంటే సొంత ఊరివాళ్ల మీదే ఎక్కువ అనుమానమట. అందుకే బాణాలు వేసే సన్నటి కంతల్లో సగం పొలిమేర వైపు కాక బజారు వైపు చూస్తుంటాయి. వాకిలికి ముందొక ఇనుప తలుపు, వెనకొక ఇనుప తలుపు. వచ్చినవాణ్ణి ఆ రెండింటి నడుమ నిలబెట్టి, పైకప్పు కన్నాల్లోంచి చూసి, చుట్టమో శత్రువో తేల్చుకునేవారు. శత్రువని తేలితే సలసల కాగే నీళ్లు నెత్తిన పడేవి. పైకెక్కే మెట్లలో ఒకదాన్ని కావాలనే ఎత్తుగా పెట్టారు, తెలియనివాడు బోర్లా పడాలని.

దొరలు పోయారు. ఆ కన్నాల మీది గదిలో ఇప్పుడు కోట కాపలాదారు, అతని భార్య కాపురం ఉంటున్నారు. దొరగారి ఆస్తి ఎవరికి పోయిందో గానీ అనుమానం మాత్రం చిల్లు పడకుండా ఇతనికే దక్కింది. ఊళ్లో అతన్ని డేగకన్ను అంటారు. కన్నం పక్కన పీట వేసుకుని టీ తాగుతూ, కింద నడిచేవాళ్ల నడినెత్తి చూసి ఫలానావాడని చెప్పేస్తాడు. అదే మనిషి బజార్లో ఎదురుపడితే ఒక్కోసారి పోల్చుకోలేడు, అది వేరే సంగతి.

అతని అనుమానం ఈసారి బావమరిది మీద పడింది. భార్యకు తమ్ముడు, పేరున్న తాపీమేస్త్రీ. కోట మరమ్మతుల పనిలో అతన్ని పెట్టించింది డేగకన్నే. ఇప్పుడు చూస్తే, కూలిన గోడల రాళ్లు బావి పక్కన కుప్పగా పోసి ఉంచారు, ఆ కుప్ప తరిగిపోతోంది. ఊళ్లో సగం ఇళ్ల అరుగులు పూర్వం కోట రాళ్లతో లేచినవే. రాయి పోతే తన కొలువు పోతుంది. కొలువు పోతే ఈ గది పోతుంది. ముసలితనంలో ఎక్కడికి పోవాలి?

"ఏమోయ్, కుప్ప తరిగినట్టుందే?" అని ఒకనాడు అడిగాడు.

"ఎండకు కుంచించుకుపోయుంటుంది బావా."

"రాయి ఎక్కడైనా కుంచించుకుపోతుందటోయ్?"

"అయితే నీ కళ్లే పెద్దవయ్యుంటాయి" అని నవ్వాడు మేస్త్రీ. నవ్వాడు గానీ కళ్లలోకి చూడలేదు.

అంతే, డేగకన్నుకు నిద్ర కరువైంది. మేస్త్రీ ఇదివరకు మధ్యాహ్నమైతే పైకొచ్చి అక్క చేతి టీ తాగేవాడు, ఇప్పుడు రావడం మానేశాడు. వాకిలి పక్కన, సరిగ్గా తమ గది కింద ఉన్న సామాన్ల కొట్టుకు పరదా కట్టి ఎవరినీ రానివ్వడం లేదు. భార్యేమో పాత గోనెసంచులు తడిపి కిందికి పంపుతోంది. పైగా కొత్త పాట ఒకటి మొదలుపెట్టింది.

"ఏవండీ, అంట్ల నీళ్లు ఆ మూల కంతలో పొయ్యొద్దు. బకెట్లో పట్టి బయట పారబోయండి."

"ఇన్నేళ్లూ పోసిన కంతేగా! ఇవాళేమొచ్చింది?"

"చెప్పింది చెయ్యరాదూ!"

'ఓహో, నేను బకెట్ మోసుకుని అటు పోతే ఇటు రాళ్లు దాటిస్తారన్నమాట' అనుకున్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడికి కన్నం లేదు మరి, తనకుంది. కానీ రెండు రోజులు కళ్లు కాయలు కాచేలా చూసినా రాయి మోసుకుంటూ ఒక్కడూ వాకిలి దాటలేదు. ఎంత తెలివిగా దాటిస్తున్నారో అని కడుపు మండిపోయింది.

చివరికి ఆఫీసరు దగ్గరికి నడిచాడు. కోటలన్నీ చూసుకునే ఆవిడ. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాడు కూడా. అయినవాడని ఊరుకుంటే రేపు తోడుదొంగలంటారు కదా అని మళ్లీ ముందుకే కదిలాడు. చెప్పాల్సింది చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్నే ఆఫీసరు ఇంజనీరును వెంటబెట్టుకొచ్చి పరదా తీయించింది.

డేగకన్ను యాత్రికులకు రోజూ ఒకే మాట చెబుతాడు: "ఈ గోడ ముందు నుంచి వెనక దాకా నిఖార్సైన రాయండీ. ఏనుగొచ్చి ఢీకొన్నా ఏనుగుకే బొప్పి." ఇప్పుడా గోడ అతని ముందు నోరు తెరుచుకుని ఉంది. చెక్కిన రాయి పైకి కనిపించే పొర మాత్రమే. లోపలంతా గులకరాళ్లు, సున్నం పోసి నింపినది, అదీ కరిగి జారిపోయి గుల్లయింది. పోయిందనుకున్న రాళ్లన్నీ ఆ గుల్లలో వరసగా, బిగుతుగా పేర్చి ఉన్నాయి. కొత్త సున్నం ఆరిపోకుండా వాటి మీద తడి గోనెలు. పైన కమానుకు దుంగల ఊతాలు.

ఇంజనీరు పాత సున్నం గీకి వాసన చూశాడు. "ఈ తడెక్కడిది?"

"వాన నీళ్లండీ" అన్నాడు మేస్త్రీ గబగబా.

"వాన నీళ్లకు సబ్బు వాసనేంటయ్యా? పైన వంటిల్లుందా?"

డేగకన్ను తలెత్తి కప్పు వైపు చూశాడు. మూల కంత కళ్ల ముందు మెదిలింది. ఇన్నేళ్లూ తన గోడను తనే కరిగించుకున్నాడు.

ఆఫీసరు ఎక్కువ మాట్లాడలేదు. వాకిలి మూసేయాలి, పై గది ఇవాళే ఖాళీ చేయాలి, చెప్పకుండా గోడ విప్పినందుకు మేస్త్రీ రేపట్నుంచి పనికి రానక్కర్లేదు. నీళ్ల సంగతి తర్వాత చూద్దామంది. వెళ్తూ వెళ్తూ డేగకన్ను వైపు తిరిగి, "మీరొచ్చి చెప్పబట్టి సరిపోయింది. మంచి పని చేశారు" అంది.

ఆ మాట మెట్ల మీద నిలబడ్డ భార్య చెవిన పడింది. అతను తల దించుకున్నాడు.

"నాతో ఒక్క మాట చెప్పుండొచ్చుగా" అన్నాడు బావమరిదితో.

"చెబుతానంటే అక్కే వద్దంది బావా. ఆ గోడను ఒక్క మాటంటే నువ్వు ఊరుకోవుగా. నీళ్ల సంగతి బయటపడితే నీ కొలువు ఉండదని నాకు భయం. ఇంకో వారం దొరికుంటే మూసేసేవాణ్ణి."

సామాన్లు దింపడానికి సాయంత్రమైంది. మేస్త్రీ మంచం నెత్తిన పెట్టుకుని ఎత్తు మెట్టు దగ్గర ఆగి, కాలితో తడిమి మరీ దిగాడు. డేగకన్ను చివరిసారి కన్నం దగ్గర వంగి చూశాడు. భార్య ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉంది. ఆమె పాపిట దగ్గర జుట్టు ఇంత పలచబడిందని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.

కిందికి వచ్చాక ఎటు నడవాలో తోచక నిలబడిపోయాడు. మంచం సర్దుకుంటూ మేస్త్రీ అన్నాడు: "మా ముందు గది ఖాళీగానే ఉంది, పద బావా. కన్నాలైతే లేవు, చెబుతున్నా."

డేగకన్ను మంచం రెండో కొస తన భుజానికెత్తుకుని, అతని వెనకాలే నడిచాడు.