అమ్మమ్మ ఇక్కడే పోయింది

అమ్మమ్మ ఆసుపత్రి దుప్పట్ల గుట్ట మీద ఒరిగిపోయినప్పుడు లాండ్రీ తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉంది.

ఇస్త్రీ రోలర్ దగ్గర నిలబడ్డ మనవరాలు ముందు నవ్వుకుంది, ముసల్ది కునుకు తీస్తోంది కాబోలని. తర్వాత ఆ మూతి ఒక పక్కకు లాగేసి ఉండటం కనబడింది. చేతిలో దుప్పటి వదిలేసి పరిగెత్తింది.

"అమ్మమ్మా! ఇటు చూడు, నన్ను చూడు!"

అమ్మమ్మ చూసింది. ఏదో అనబోయింది. మాట పెగల్లేదు.

ఆడవాళ్లు మెషిన్లు ఆపేసి తలుపు మీద పడ్డారు. అరచేతులతో బాదారు, పీటలతో బాదారు. దుప్పట్లు దొంగతనంగా పోతున్నాయని కాంట్రాక్టర్ వేయించిన తాళం అది. తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో ఉంది. సూపర్‌వైజర్ భోజనానికి పోయాడు.

"పగలగొట్టు!" అని అరిచింది మైకు. ఉతుకు మెషిన్ దగ్గర పనిచేసే ఆమెకు ఆ గొంతు వల్లే ఆ పేరు వచ్చింది.

"నా ఉద్యోగం ఊడుతుందమ్మా!" బయటినుంచి కాపలావాడి ఏడుపు గొంతు.

సూపర్‌వైజర్ మూతి తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసేసరికి అమ్మమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి, వాటిలో చూపు లేదు. అతను గడప కూడా దాటలేదు.

"మెషిన్లు ఎవరు ఆపారు?" అన్నాడు.

ఆ సాయంత్రం కాంట్రాక్టర్ స్వయంగా ఇంటికి వచ్చాడు. అమ్మమ్మను పడుకోబెట్టిన గదిలోకి చెప్పులు విడిచి మరీ వచ్చాడు. ఆమె కొడుకు, మనవరాలి మామయ్య, ఆ లాండ్రీలోనే వ్యాన్ డ్రైవరు. కాంట్రాక్టర్ అతని భుజం మీద చెయ్యేశాడు.

"ఆవిడ నాకూ తల్లిలాంటిదేనోయ్. ఖర్చులన్నీ నేను చూసుకుంటా. ఎవరైనా అడిగితే ఇంట్లో పోయిందని చెప్పు. అనవసరంగా పోలీసులూ, పోస్టుమార్టం కోతలూ ఎందుకు, ఈ వయసులో ఆవిడకి?"

మామయ్య తల వంచుకుని సరేనన్నాడు.

కారు వెళ్లేదాకా మనవరాలు పళ్లు బిగబట్టింది.

"అమ్మమ్మ ఎక్కడ పోయింది మామయ్యా?"

"ఎక్కడ పోతేనేమే, పోయింది కదా!" అని కసిరాడు. "నాకు పిల్లలున్నారు. రేపు వ్యాన్ లాక్కుంటే నువ్వు పెడతావా తిండి?"

"తలుపు తీసుంటే బతికేది. చెప్పు, బతికేదా కాదా?"

మామయ్య బయటికి పోయి వ్యాన్‌లో కూర్చున్నాడు.

తెల్లవారేసరికి ఇంటి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. పనిలోకి పోవాల్సిన ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఎవరికి తోచింది వాళ్లు చెప్పుకుంటున్నారు. మొగుడు పోయాక కొడుకును చేత్తో పట్టుకుని, చంటిపిల్లను చంకనేసుకుని అమ్మమ్మ లాండ్రీకొచ్చిన నాడు మెషిన్లు లేవు, తొట్లే. బ్లీచింగ్ నీళ్లలో నాని నాని చేతి గోళ్లు ఊడిపోయాయి. ఆ చంటిపిల్ల పెద్దదై, కూతుర్ని కని జ్వరంతో పోతే, ఆ కూతుర్ని కూడా అవే చేతులతో పెంచింది. ఒకసారి దుప్పట్లలో మరిచిపోయిన సూది ఒక పిల్లకి గుచ్చుకుంటే, చేతికి తొడుగులు ఇచ్చేదాకా ముట్టుకునేది లేదని మైల దుప్పట్ల గుట్టెక్కి కూర్చుంది. దించడానికి వచ్చిన సూపర్‌వైజర్‌తో, "రా నాయనా, నువ్వూ కూర్చో, మెత్తగా ఉంది" అందట.

"తొడుగులొచ్చాయి, ఈమె ఉద్యోగం పోయింది" అంది మైకు. "ఆమె లేకపోతే మేం పనిలోకి రామంటే కదా మళ్లీ పిలిచారు! ఆ ఆరబెట్టే మెషిన్‌కి పేరు కూడా పెట్టింది, అల్లుడని. ఎంత పెట్టినా నిండదట, ఎప్పుడూ వేడి మీదే ఉంటుందట."

నవ్వబోయిన ఆడవాళ్లు ఏడ్చారు. మనవరాలు ఏడవలేదు. ఇన్నాళ్లూ అమ్మమ్మ తన ఒక్కదానిదే అనుకుంది. ఇంతమందిని పెంచిందని ఇవాళే తెలిసింది. ఆ తెలియడం గుండెలో నిప్పులా రాజుకుంది.

"శ్మశానానికి తర్వాత పోదాం" అంది లేచి. "ముందు ఆమె పోయిన చోటికి పోదాం."

పాడెను ఆడవాళ్లే ఎత్తుకున్నారు. దారిలో చెత్త ఊడ్చేవాళ్లు కలిశారు, ఆసుపత్రి ఆయాలు కలిశారు. లాండ్రీ గేటు ముందు దించేసరికి అక్కడ కాంట్రాక్టర్ ఉన్నాడు, పక్కన లాఠీలతో పోలీసులు ఉన్నారు.

"ఇంట్లో చచ్చిన మనిషిని రోడ్డుమీద పెట్టి గొడవ చేస్తే బొక్కలో వేస్తా" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏం కావాలి మీకు?"

"తాళం తీసెయ్యాలి" అంది మనవరాలు. "మేం లోపలున్నంతసేపూ తలుపు తీసే ఉండాలి. మా అమ్మమ్మను చంపింది తాళమేనని కేసు రాయాలి."

"చంపడమేంటి! కొడుకే చెప్పాడు ఇంట్లో పోయిందని!" కాంట్రాక్టర్ గొంతు లేచింది. "ఏడీ, డ్రైవర్? ఇటు రా. చెప్పు సార్‌కి."

జనం పక్కకు జరిగారు. మామయ్య ముందుకొచ్చాడు. కాంట్రాక్టర్ వైపు చూశాడు. పాడె మీద అమ్మ చేతుల వైపు చూశాడు. గోళ్లు లేని ఆ వేళ్లతోనే ఆమె అతనికి ముద్దలు కలిపి పెట్టింది.

"చెప్పరా!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇక్కడే పోయింది సార్. లోపల. ఈయన చెప్పమంటే నేను అబద్ధం ఆడాను." ఒక్కసారిగా బావురుమన్నాడు. "మా అమ్మ ఇక్కడే పోయింది!"

ఆ మాటను జనం అందుకున్నారు. "ఇక్కడే పోయింది! ఇక్కడే పోయింది!" గేటు ఊగింది. లాఠీలు లేచాయి. మైకు నుదురు చిట్లింది. పాడె మీద దెబ్బ పడకుండా అడ్డంగా పడుకున్న మనవరాల్ని జుట్టుపట్టి లాగి జీపెక్కించారు. మామయ్యను కూడా. కదిలిన జీపు వెనకనుంచి ఆమెకు చివరిసారి కనబడింది, మళ్లీ భుజాలకెక్కుతున్న అమ్మమ్మ. చితి దగ్గర ఉండే భాగ్యం మనవరాలికీ లేదు, కొడుక్కీ లేదు.

స్టేషన్‌లో ఆడవాళ్ల గదిలో ఒక్కతే కూర్చుంది. అవతలి గదిలో మామయ్య ఏడుపు వినబడుతూనే ఉంది. తాను కూడా ఇప్పుడే ఏడుస్తోందని కాసేపటికి గాని తెలియలేదు.

మర్నాడు బయట గోల. ఇనప తలుపు తెరుచుకుంది. నుదుటికి గుడ్డ కట్టుకున్న మైకును లోపలికి తోశారు.

"అమ్మమ్మ?" అంది మనవరాలు.

"సాగనంపాం. బాగా జరిగిందే, రాత్రంతా ఎవ్వరూ ఇంటికి పోలేదు." మైకు ఊపిరి తీసుకుంది. "పొద్దున అటునుంచి అటే లాండ్రీకి పోయాం. తలుపు బందులతో సహా పీకి రోడ్డున పడేశాం. వేసుకోమను తాళం!"

మనవరాలు నమ్మలేనట్టు చూసింది. వరండాలో గాజుల చప్పుడు, అడుగుల చప్పుడు, పోలీసుల తిట్లు. చప్పుడు దగ్గరపడింది.

"జరుగవే పిల్లా, గోడకి జరుగు" అంది మైకు. "వెనక ఇంకా వస్తున్నారు."