ఏడు జెండాలు, ఖాళీ కాగితం

మా మత్స్యకార సంఘం గదిలో ఐసు పెట్టెల పక్కన ఒక పాత కంప్యూటరు ఉంది. దాన్ని సర్వర్ అనాలట. మా కార్యదర్శి రాజేంద్ర డిగ్రీ చదివాడు, అందుకని అలా అంటాడు. నేను ఏడో తరగతి తప్పినవాణ్ణి కాబట్టి పెట్టె అంటాను.

ఇరవై రెండేళ్ళు సంఘం అర్జీలన్నీ నా చేతి రాతతోనే వెళ్ళాయి. పోయిన వేసవిలో రాజేంద్ర ఆ పెట్టె తెచ్చి, ఇక మీదట ఉత్తరాలన్నీ ఇందులోనే, కమిటీ సభ్యులు ఏడుగురూ ఎవరి ఫోనులోంచి వాళ్ళు ఒకే కాగితం మీద కలిసి రాయాలని తీర్మానం చేయించాడు. ఇలా కలిసి రాసుకునే ఏర్పాటు ఊరికే ఇస్తున్న కంపెనీలు ఉన్నాయి కదా అని ఎవరో అడిగితే, మన చేపలు ఎవడి ఐసు పెట్టెలోనో ఎందుకు దాచాలన్నాడు. ఆ మాటకు అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నాకు దాంట్లో ఇచ్చిన అనుమతి ‘చూడటానికి మాత్రమే’.

ఆ పెట్టెకు తొలి పరీక్ష చేపల షెడ్డు వల్ల వచ్చింది. ఆడవాళ్ళు చేపలమ్ముకోవడానికి మండల ఆఫీసు వాళ్ళు కొత్త షెడ్డు కడతామని, బైపాసు పక్కన స్థలం చూశారు. రేవులోనే కావాలంటే శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా సంఘం ఉత్తరం చేరాలని ఇంజనీరు గారు కబురు చేశారు. బైపాసు రేవుకు మూడు కిలోమీటర్లు. ముప్పయ్యేళ్ళుగా రేవు మెట్ల మీద అమ్ముకుంటున్న సుబ్బాయమ్మకు మోకాళ్ళు వంగవు. తట్టతో అంత దూరం నడవడం ఆమె వల్ల కాదు. షెడ్డు అక్కడికి పోతే ఆమె బేరం ముగిసినట్టే.

శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి రాజేంద్ర పెట్టెలో కాగితం తెరిచాడు. నేను బల్ల మీద కూర్చుని నా ఫోనులో చూస్తున్నాను, చూడటమే కదా నా పని. ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఎవరు వస్తే వారి పేరుతో ఒక చిన్న రంగు జెండా కాగితం మీద నిలబడుతుంది. ప్రెసిడెంటు చిట్టియ్య గారి జెండా యానాం నుంచి వచ్చింది. మందు చవకగా దొరికే ఆ ఊరికి ఆయన ఎందుకు వెళ్ళారో ఎవరూ అడగలేదు.

కమిటీ సభ్యుడు సత్తియ్య ‘గౌరవనీయులైన’ అని మొదలుపెట్టి, చిట్టియ్య గారి జెండా కనబడగానే ఆ మాట చెరిపేసి పక్కకు తప్పుకున్నాడు. ప్రెసిడెంటు ఉండగా మొదటి మాట తాను రాయడమేమిటని. చిట్టియ్య గారు, కమిటీలో ఆడవాళ్ళ తరఫున ఉన్న వీరదుర్గ జెండాను చూసి ఆగారు. రాసేది ఆడవాళ్ళ షెడ్డు గురించి కదా, ఆవిడే మొదలుపెట్టాలని. వీరదుర్గ రాజేంద్రకు ఫోను చేసి, పెద్దలు కానిచ్చాక తను రాస్తానంది. రెండున్నర అయింది. ఏడు జెండాలు మిణుకుమిణుకుమంటున్నాయి. కాగితం కడిగిన పళ్ళెంలా ఉంది.

అప్పుడే బేరం ముగించుకుని సుబ్బాయమ్మ వచ్చింది. ఉత్తరం అయిందా అని అడిగింది.

“అందరూ లోపలే ఉన్నారు పిన్నీ,” అన్నాడు రాజేంద్ర.

“ఉండి ఏం చేత్తన్నార్రా?”

“ఒకళ్ళకొకళ్ళు దారి ఇచ్చుకుంటున్నారు,” అన్నాను నేను.

ఆమె నా వంక చూసింది, గోడ మీద గడియారం వంక చూసింది, రాజేంద్ర చేతిలోంచి ఫోను లాక్కుంది. ఇందులో మాట్లాడితే రాస్తుందటగా, ఆ మీట నొక్కమంది. నొక్కాడు.

“ఇంజనీరు గారండీ, పడవలోంచి దిగిన చేప పదడుగుల్లో నా తట్టలో పడుద్దండి. మీరు బైపాసు కాడ షెడ్డు కడితే అక్కడికి వచ్చేవి లారీలండి. లారీలు చేపలు కొనవండి. నా మోకాళ్ళు చూసి కట్టమనట్లేదు, చేప కోసం వచ్చే మనిషిని చూసి కట్టండి. ఒరే రాజేంద్రా, ఇది రాత్తందా, నిద్దరోతందా, సచ్చినోడా?”

ఆఖరి మాటతో సహా అంతా కాగితం మీద పడింది, రాజేంద్ర జెండా కిందే. ఏడుగురూ చూశారు. పెద్దావిడ మాటల మధ్యలో దూరడం మర్యాద కాదని ఒక్కరూ కదల్లేదు.

మూడుంబావు. తిట్టు తీసెయ్యాలంటే ఎవరో ఒకరు తియ్యాలి. పిన్ని ఎదురుగా నిలబడి ఉండగా రాజేంద్రకు చెయ్యి రాలేదు. నాకు రాసే అనుమతి ఇచ్చేశాడు. తిట్టు తీశాను. పైన సంబోధన, కింద సంఘం పేరు పెట్టాను.

“లారీల మాట కూడా తీసెయ్ బాబాయ్. ఆఫీసు ఉత్తరంలా లేదు,” అన్నాడు రాజేంద్ర.

“ఏడుగురు లోపలున్నారు. ఎవరికైనా అభ్యంతరముంటే తీయమను,” అన్నాను.

జెండాలు అలాగే నిలబడ్డాయి. సుబ్బాయమ్మ మాట మీద చెయ్యి వేసేవాడు మా రేవులో ఇంకా పుట్టలేదు. రాజేంద్ర ప్రింటు తీసి, మోటారు సైకిలు మీద దూసుకెళ్ళి, నాలుగింటికి ఆరు నిమిషాల ముందు మండల ఆఫీసులో ఇచ్చి వచ్చాడు.

మంగళవారం పొద్దున్న ఇంజనీరు గారే టేపు పట్టుకుని రేవులోకి దిగారు. ఆ పదడుగులు ఎక్కణ్ణుంచి కొలవాలో చూపించమని అడిగారు. పడవల దగ్గర్నుంచి కొలిచి, సున్నంతో గీత గీయించి, మూలన ఒక మేకు దిగ్గొట్టించారు. సున్నం ఆరకముందే సుబ్బాయమ్మ గీత లోపల తట్ట దించుకుని కూర్చుంది.

“పొద్దుటెండ చేపల మీద పడతందండీ,” అంది. “ఆ మేకు కొంచెం ఇటు జరిపించండి.”

ఆయన జరిపించారు.